డీకంపైలరూ, నేనూ, మా బాబాయి శుభలేఖా

మాఘమాసం పెళ్ళిళ్ళ రోజులు. ఇంటి నుంచి పని చేసుకునే శుక్రవారం. పొద్దున్న స్టాండప్ కాల్ అయ్యాక రెండో కాఫీ కలుపుకుంటున్నాను, తెనాలి నుంచి మా బాబాయి ఫోను.

"ఒరేయ్, మా హెడ్మాస్టరు గారు వాట్సాప్‌లో శుభలేఖ పంపారురా. నొక్కితే ఏవేవో పర్మిషన్లు అడుగుతోంది గానీ తెరుచుకోవట్లేదు. నీకు పంపాను. కాస్త చూసి ముహూర్తం ఎప్పుడో చెప్పు."

చూశాను. శుభలేఖ అని పేరు పెట్టిన ఏపీకే ఫైలు. బొమ్మ కాదు, పీడీఎఫ్ కాదు, అచ్చంగా ఒక ఆండ్రాయిడ్ ప్రోగ్రాము. పేపర్లో వారానికోసారైనా చదువుతున్నాం కదా ఈ బాపతు గురించి. ట్రాఫిక్ చలాన్ అని ఒకటి, బ్యాంకు కేవైసీ అని ఒకటి, పెళ్ళిళ్ళ సీజన్ వస్తే శుభలేఖ.

"బాబాయ్, దాన్ని ముట్టుకోకు. అది శుభలేఖ కాదు, దొంగలేఖ."

"అదేంట్రా? పంపింది సాక్షాత్తూ మా హెడ్మాస్టరు గారైతేనూ!"

"ఆయన పంపలేదు బాబాయ్, ఆయన ఫోను పంపింది."

ఆ ముక్క ఆయనకి అర్థం కాలేదు. నాకు మాత్రం బాగా అర్థమైంది. అర్థమైనవాడిని ఏం చెయ్యాలి? ఆ హెడ్మాస్టరు గారికి వెంటనే ఫోను చెయ్యమని బాబాయికి చెప్పాలి. చెప్పలేదు. నాకు అప్పటికే వేళ్ళు దురద పెడుతున్నాయి. ఇంతకాలంగా వీటి గురించి వినడమేగానీ ఒకటి చేతికి చిక్కడం అదే మొదలు. లోపల ఏముందో చూడాలి. వాట్సాప్ వెబ్ తెరిచి ఉంది, ఫైలుని లాప్‌టాప్‌లోకి దించాను. ఆఫీసు లాప్‌టాప్, మరి ఇంట్లో వేరేది ఏముంది? మా అమ్మాయి చదువుకునే టాబ్లెట్ తప్ప.

ఇక్కడ కాస్త నా అలవాటు గురించి చెప్పాలి. మా తరంలో జావా నేర్చుకున్నవాడికి డీకంపైలరు చేతికర్ర లాంటిది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో జాడ్ అని ఒక చిన్న ప్రోగ్రాము ఉండేది. క్లాసు ఫైలు మింగి జావా ఫైలు కక్కేది. లైబ్రరీతో పాటు వచ్చిన డాక్యుమెంటు పదిసార్లు చదివినా బోధపడనిది, జాడ్ కక్కిన కోడు ఒక్కసారి చూస్తే బోధపడేది. జావా 5 వచ్చాక అది వెనకబడిపోయింది, దాని స్థానంలో వేరేవి వచ్చాయి. పక్క టీములో డాట్‌నెట్ వాళ్ళకి రిఫ్లెక్టర్ ఉండేది. 2011లో దాన్ని డబ్బులు కడితేనే అనేసరికి వాళ్ళందరూ గోల పెట్టారు, ఆ గోల్లోంచే ఐఎల్‌స్పై పుట్టింది. 2019లోనైతే అమెరికా ఎన్‌ఎస్‌ఏ వాళ్ళు తమ ఘీడ్రాని ఉచితంగా జనం మీదకి వదిలారు. ఇప్పుడు అసలు విడిగా టూలు దించుకునే పనే లేదు. ఇంటెల్లిజేలో ఏ లైబ్రరీ క్లాసు పేరు మీదైనా కంట్రోల్ పట్టుకుని నొక్కితే కోడు ప్రత్యక్షం. తాము చూస్తున్నది డీకంపైలరు రాసిన కోడని తెలియకుండానే కుర్రాళ్ళు ఏళ్ళ తరబడి పని చేసేస్తున్నారు. మొదటిసారి నొక్కినప్పుడు ఒక లీగల్ నోటీసు వస్తుంది, ఒప్పుకుంటారా అని అడుగుతుంది. దాన్ని చివరిదాకా చదివినవాళ్ళు ఉంటే చెయ్యెత్తండి. నేనూ ఎత్తట్లేదు.

ఇన్నేళ్ళలో నాకు ఒక ధీమా ఏర్పడిపోయింది. డీకంపైల్ చెయ్యడమంటే చదవడమే కదా! ప్రోగ్రాముని నడిపితే ప్రమాదం గానీ, చదివితే ఏమవుతుంది?

సరే, ఫైలు విప్పాను. పర్మిషన్ల జాబితా చూస్తేనే సగం కథ తెలిసిపోయింది. ఎస్సెమ్మెస్‌లు అందుకోవాలి, చదవాలి, పంపాలి, ఫోను ఆపి మళ్ళీ వేసినా తనంతట తనే లేవాలి. ఏ శుభలేఖకి కావాలండీ ఇవన్నీ? కోడులోకి వెళితే క్లాసుల పేర్లన్నీ ఏ, బీ, సీ అని చెరిపేసి ఉన్నాయి గానీ పెద్ద తెలివైన పనేమీ కాదు. ఫోనుకి ఏ మెసేజీ వచ్చినా దాన్ని కాపీ చేసి ఒక టెలిగ్రాం బాట్‌కి అందించడం, అంతే. బ్యాంకు ఓటీపీ వస్తే అది కూడా అక్కడికే పోతుందన్నమాట.

ఆ బాట్ టోకెను కోడులోనే ఉంది. దాచలేదు, గుప్తీకరించలేదు, ఒక స్ట్రింగుగా పెట్టేశారు.

అది చూశాక నాకు గుండె వేగం పెరిగింది. టోకెను అంటే తాళంచెవి. అది ఎవరి దగ్గర ఉంటే వాళ్ళు ఆ బాట్ పేరు మీద టెలిగ్రాం సర్వరుతో మాట్లాడొచ్చు. బాట్ ఇంతకు ముందు పంపిన మెసేజీల్ని మన చాట్‌లోకి తిప్పించుకునే ఉపాయం కూడా ఉంది. అంటే ఎవరెవరి ఫోన్లు చిక్కాయో, వాళ్ళకి ఏ మెసేజీలు వచ్చాయో నేను ఇక్కడ కుర్చీలో కూర్చుని చూడొచ్చు. మనసు ఎంత చక్కగా వాదిస్తుందో చూడండి: చూస్తే తప్పేముంది, వాళ్ళ నంబర్లు పట్టుకుని హెచ్చరించొచ్చు, పుణ్యం కూడానూ. ఐటీ చట్టం 2000లో 43, 66 సెక్షన్లని ఒకటుంది, అనుమతి లేకుండా ఇంకొకడి కంప్యూటరు వ్యవస్థలోకి దురుద్దేశంతో దూరితే మూడేళ్ళ దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా. దొంగవాడి తాళంచెవితో తెరిస్తే ఆ తలుపు నాదవదు. అందులో ఉన్నది దొంగ సొమ్మే, కానీ అది నాలాంటి అమాయకుల మెసేజీలు. ఇవన్నీ ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను గానీ, ఆ నిమిషంలో నాకు ఒక్క సెక్షను గుర్తు రాలేదు. టోకెనుని బ్రౌజరు అడ్రసు పట్టీలో అతికించాను. ఎంటర్ మీద వేలు పెట్టాను.

ఫోను మోగింది.

మా ఆఫీసు సెక్యూరిటీ టీము నుంచి ఒకావిడ. గొంతు చూస్తే నాకన్నా పదిహేనేళ్ళు చిన్నదై ఉంటుంది.

"సర్, మీ లాప్‌టాప్ మీద అలర్ట్ వచ్చింది. ఒక ఆండ్రాయిడ్ మాల్‌వేర్ ఫైలు కనిపిస్తోంది. మీకు తెలుసా అండీ?"

"తెలుసండీ. నేను నడపలేదు, డీకంపైల్ చేసి చదువుతున్నానంతే."

"దేంతో చేశారు సర్?"

"ఏపీకేటూల్‌తో."

"ఏ వెర్షను?"

చూసి చెప్పాను. 2019లో ఎప్పుడో దించుకున్నది, అప్పట్నుంచీ అదే వాడుతున్నాను. అవతల రెండు క్షణాలు నిశ్శబ్దం.

"సర్, ఇంకేం ముట్టుకోకండి. మేం మీ మెషిన్‌ని నెట్‌వర్కు నుంచి విడగొడుతున్నాం. అవునూ, ఆ ఫైలు పంపినవాళ్ళకి చెప్పారా? వాళ్ళ ఫోను ఇంకా ఆన్‌లోనే ఉందా?"

చెప్పలేదు. బాబాయి ఫోను చేసి అప్పటికి గంటకి పైనే అయింది. పరుగున బాబాయికి చేశాను, బాబాయి హెడ్మాస్టరు గారికి చేశారు. ఆయన ఖాతాలోంచి అప్పటికే రెండు దఫాలుగా 18,000 రూపాయలు పోయాయి. రెండోది పోయి ఇరవై నిమిషాలైందట. 1930కి ఫోను చేయించాం, ఫిర్యాదు రాయించాం. నేను ఏ, బీ, సీ అనే పేర్లున్న క్లాసుల్ని ఒక్కొక్కటే విప్పుకుంటూ ముచ్చటపడుతున్న సమయంలోనే ఆ రెండో మెసేజీ ఆ బాట్‌కి చేరిందన్నమాట.

ఎంటర్ నొక్కలేదు. కానీ ఆ అమ్మాయి ఫోను రాకపోతే నొక్కేవాణ్ణే.

తరువాత మూడు రోజులు లాప్‌టాప్ వాళ్ళ దగ్గరే ఉంది. ఆ పాత ఏపీకేటూల్‌లో ఏముందో ఆవిడే వివరించింది, ఓపిగ్గా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. ఏపీకే విప్పేటప్పుడు రిసోర్సు ఫైళ్ళని డిస్కు మీద ఎక్కడ రాయాలన్నది ఆ టూలు ఏపీకేలో ఉన్న రిసోర్సు పేర్లని చూసి నిర్ణయించుకునేది. ఆ పేర్లు పెట్టేది ఎవరు? ఏపీకే చేసినవాడు. వాడు పేరుని తెలివిగా పెడితే ఫైలు మనం చెప్పిన ఫోల్డరులో కాకుండా వాడికి కావలసిన చోట పడుతుంది. 2.9.1 వరకూ ఉన్న వెర్షన్లన్నిట్లోనూ ఈ లోపం ఉంది, 2024 జనవరిలో బయటపెట్టారు, 2.9.2లో సరిచేశారు. అంటే నేను "చదవడమే కదా" అనుకున్న పని, నిజానికి నా డిస్కు మీద ఏం ఎక్కడ రాయాలో శత్రువుని అడిగి రాయించుకోవడం.

నా అదృష్టం, ఆ శుభలేఖ చేసినవాడికి అంత శ్రద్ధ లేదు. వాడి గురి తెనాలి రిటైర్డు మాస్టార్ల మీదే గానీ నాలాంటి వాళ్ళ మీద కాదు.

అయితే నాలాంటి వాళ్ళ మీదే గురిపెట్టేవాళ్ళు కూడా ఉన్నారని తరువాత చదివితే తెలిసింది. 2017 డిసెంబరులో చెక్ పాయింట్ వాళ్ళు బయటపెట్టిన పార్స్‌డ్రాయిడ్ అనే లోపాల కథ చూడండి. ఏపీకేటూల్, ఆండ్రాయిడ్ స్టూడియో, ఇంటెల్లిజే, ఎక్లిప్స్ అన్నీ ఉన్నాయందులో. మానిఫెస్టు ఒక ఎక్స్ఎమ్ఎల్ ఫైలు కదా, దాన్ని చదివే పార్సరు బయటి ఎంటిటీలని కూడా నమ్మేసేది. దాంతో కుట్ర పన్నిన ఏపీకేని విప్పితే చాలు, మన డిస్కు మీది ఫైళ్ళు అవతలివాడికి చేరేవి. జాడ్ఎక్స్‌లో కూడా ఇలాంటి ఎక్స్ఎమ్ఎల్ లోపమే 2022లో దొరికింది. ఇవన్నీ ఎందుకు, 2014లో లినక్సు స్ట్రింగ్స్ కమాండు సంగతి గుర్తుందా? ఫైల్లో ఉన్న అక్షరాల్ని ఏరి చూపించడం తప్ప ఏమీ చెయ్యని కమాండు. అది కూడా ఆ ఫైలు ఎగ్జిక్యూటబులా కాదా అని లోపలి హెడర్లని తరచి చూసేది, ఆ తరచడంలో బగ్గు ఉంది. తెలియని ఫైళ్ళ మీద స్ట్రింగ్స్ కొట్టకండి బాబూ అని మిఖాల్ జలేవ్‌స్కీ రాస్తే, అప్పట్లో నేను నవ్వుకుని పక్కన పెట్టేశాను.

డీకంపైలరు కూడా ఒక ప్రోగ్రామే, దానికి మనం ఇచ్చే ఇన్‌పుట్ శత్రువు రాసినది. ఇది తెలియని విషయమా? వెబ్ ఫారంలో యూజరు కొట్టిన పేరుని నమ్మొద్దని ఇంటర్వ్యూల్లో కుర్రాళ్ళని నిలదీస్తాం. మన చేతిలో టూలు ఉండేసరికి ఆ బుద్ధి ఎక్కడికో పోతుంది. పాము చచ్చిందో లేదో దూరం నుంచి కర్రతో కదిపి చూడటం వేరు, చేత్తో పట్టుకుని కోరలు లెక్కపెట్టడం వేరు. పైగా కొన్ని టూళ్ళు నిజంగానే నడుపుతాయి కూడా. డాట్‌నెట్‌లో గుప్తీకరించిన స్ట్రింగులు విప్పాలంటే తేలికైన మార్గం ఆ ప్రోగ్రాములో ఉన్న మెథడునే పిలిచి జవాబు తెచ్చుకోవడం. పిలవడమంటే నడపడమే కదండీ!

ఇక టూలు ఎక్కడి నుంచి వచ్చిందనేది ఇంకో కథ. ఐడా ప్రో కొనాలంటే వేల డాలర్లు. మనవాళ్ళు కొంటారా? 2021 నవంబరులో ఈసెట్ సంస్థ చెప్పింది, జనం పంచుకుంటున్న దొంగ ఐడా ప్రో 7.5 కాపీలో రెండు మాల్‌వేర్ డీఎల్ఎల్‌లు ఉన్నాయని, ఆ పని ఉత్తర కొరియా వాళ్ళ లాజరస్ ముఠాదని. ఇన్‌స్టాల్ చేసినవాడు మాల్‌వేర్ పట్టుకునేవాడు, పట్టుబడింది కూడా వాడే. డీఎన్‌స్పైని అసలు రచయిత ఆపేశాక, 2022 జనవరిలో అదే పేరుతో గిట్‌హబ్‌లో ఒక నకిలీ వెలిసింది. చూడ్డానికి అచ్చం అదే, పని కూడా చేస్తుంది, దాంతో పాటు క్లిప్‌బోర్డులో క్రిప్టో అడ్రసులు మార్చేదీ, దూరం నుంచి మెషిన్‌ని నడిపేదీ కూడా దిగుతాయి. డీకంపైలరు వాడేవాడు యాంటీవైరస్ అరుపుల్ని పట్టించుకోడని వాళ్ళకి తెలుసు. ఇలాంటి టూళ్ళన్నీ మామూలుగానే అరిపిస్తాయి కదా, మనమే ఆపుతాం. నేనూ ఆపినవాణ్ణే.

ఇంతవరకూ కంప్యూటరుకి వచ్చే ప్రమాదం. నాకు అసలు దెబ్బ ఇటునుంచి తగల్లేదు.

దర్యాప్తులో భాగంగా ఒక ఫారం వచ్చింది. ఈ మెషిన్ మీద ఉన్న, డీకంపైల్ చేసిన ఫైళ్ళన్నిటి వివరాలూ ఇవ్వాలి: ఎవరిది, ఎప్పుడు, ఎందుకు, ఎక్కడ వాడారు. నవ్వుకుంటూ వెతకడం మొదలుపెట్టాను. నవ్వు ఎక్కువసేపు ఉండలేదు. పాత లాప్‌టాప్ నుంచి కొత్తదానికీ, దాన్నుంచి ఇంకో కొత్తదానికీ ఆవు వెంట దూడలా వస్తున్న బ్యాకప్ ఫోల్డరు ఒకటి. అందులో 2014 నాటి ఫోల్డరు. అందులో ఒక వెండరు తాలూకు జార్, పక్కనే దాన్ని విప్పిన జావా ఫైళ్ళు.

అదేమిటో చెబుతాను. అప్పట్లో మా ప్రాడక్టులో బిల్లులు ముద్రించడానికి ఒక చిన్న వెండరు లైబ్రరీ వాడేవాళ్ళం. మొత్తం దగ్గర ₹ గుర్తు రావలసిన చోట ప్రశ్నార్థకం వచ్చేది. క్లయింటు చూశాడు, ఊరుకుంటాడా? వెండరుతో సపోర్టు కాంట్రాక్టు అయిపోయింది, రెన్యూవల్ ఫైలు ఎవరి బల్ల మీదో ఉంది. రిలీజు రాత్రి. జార్ విప్పి చూస్తే ఒక క్లాసులో ఐఎస్ఓ 8859-1 అని నేరుగా రాసేసి ఉంది. దాన్ని యూటీఎఫ్-8 చేస్తే అయిపోతుంది. ఒక్క మాట మార్పు. ఆ క్లాసుని తిరిగి కంపైల్ చేసి, విడిగా ఒక ప్యాచ్ జార్‌లో పెట్టి, క్లాస్‌పాత్‌లో వెండరు జార్ కన్నా ముందు నిలబెట్టాను. ₹ వచ్చింది. మేనేజరు భుజం తట్టాడు. సోర్సు కంట్రోల్‌లో మాత్రం పెట్టలేదు. పెడితే ఎవరైనా అడుగుతారు కదా, ఇది మన కోడు కాదు కదా అని. అంటే తప్పని నాకు ఆ రాత్రే తెలుసు.

లైసెన్సులో రివర్స్ ఇంజినీరింగ్ చెయ్యరాదని స్పష్టంగా ఉంది. మన దేశపు కాపీరైటు చట్టంలో 52వ సెక్షను కొంత వెసులుబాటు ఇస్తుంది. వేరే ప్రోగ్రాముతో కలిపి నడపడానికి కావలసిన సమాచారం ఇంకెక్కడా తేలిగ్గా దొరక్కపోతే, చట్టబద్ధంగా చేతికొచ్చిన ప్రోగ్రాములోంచి దాన్ని రాబట్టుకోవచ్చనీ, ప్రోగ్రాము వెనక ఉన్న ఆలోచనని పరిశీలించి తెలుసుకోవచ్చనీ 1999 సవరణలో చేర్చారు. కానీ అక్కడ చెప్పింది సమాచారం గురించి. వాడి క్లాసుని మార్చి నా ప్రాడక్టులో పెట్టి క్లయింటుకి అమ్మమని ఏ సెక్షనూ చెప్పలేదు. 2015 ఆగస్టులో ఒరాకిల్ భద్రతాధికారి మేరీ ఆన్ డేవిడ్‌సన్ కస్టమర్ల మీద విసుక్కుంటూ, బగ్గుల కోసం మా కోడుని రివర్స్ ఇంజినీరింగ్ చెయ్యకండి, లైసెన్సులో వద్దన్నాం కదా అని రాస్తే లోకమంతా ఆవిణ్ణి ఆడిపోసుకుంది, కంపెనీయే ఆ వ్యాసాన్ని తీసేసింది. నేనూ నవ్వినవాళ్ళలో ఉన్నాను. నా ఫోల్డరు సంగతి అప్పుడు గుర్తు రాలేదు.

చదవడం అనేది ఎంత బరువైన పనో మా లీగల్ ఆయన ఒక కథతో చెప్పాడు. ఐబీఎం తన పీసీ బయోస్ సోర్సుని టెక్నికల్ మాన్యువల్‌లోనే అచ్చు వేసింది. డీకంపైల్ చేసే పనే లేదు, పుస్తకం కొంటే చాలు. అయినా 1984లో ఫీనిక్స్ వాళ్ళు దానికి సరితూగే బయోస్ చేసేటప్పుడు ఏం చేశారు? ఆ సోర్సు చదివినవాళ్ళని ఒక పక్కన కూర్చోబెట్టి, అది ఏం చేస్తుందో మాత్రమే కాగితం మీద రాయించారు. కోడు రాసినవాడు వేరే, ఐబీఎం కోడుని కంటితో చూడనివాడు. చదివినవాడి చేత ఒక్క లైను రాయించలేదు. రియాక్టోస్ వాళ్ళ మీద 2006లో, విండోస్‌ని విప్పి చూసి రాశారనే మాట రాగానే వాళ్ళు పని ఆపి కోడంతా తనిఖీ చేసుకోవలసి వచ్చింది. కళ్ళతో చూసినది వేళ్ళలోకి వస్తుందని వాళ్ళందరికీ తెలుసు. నాకు వేళ్ళ దాకా కూడా అక్కర్లేకపోయింది, ఫైలుని ఫైలుగా పెట్టేశాను.

ఇది ఇంతటితో అయిపోతే బాగుండేది. ఫారంలో "ఎక్కడ వాడారు" అన్న గడి నింపడానికి నా కోడునీ వెండరు అసలు క్లాసునీ పక్కపక్కన పెట్టి చూశాను. బైట్‌కోడ్ స్థాయిలో, ఈసారి ఓపిగ్గా. అప్పుడు కనబడింది.

ఫైనల్లీ బ్లాకు సంగతి మీకు తెలిసే ఉంటుంది. చాలా ఏళ్ళుగా జావా కంపైలరు ఫైనల్లీలో ఉన్న కోడుని, బయటికి పోయే ప్రతి దారిలోనూ కాపీ చేసి పెడుతుంది. సజావుగా పోయే దారిలో ఒకటి, ఎక్సెప్షను వచ్చే దారిలో ఒకటి. డీకంపైలరు ఆ కాపీలన్నిటినీ గుర్తుపట్టి మళ్ళీ ఒక ఫైనల్లీగా కలపాలి. కలపలేకపోతే ఉన్నదున్నట్టు చూపిస్తుంది: కనెక్షను మూసే లైన్లు రెండు చోట్ల, మధ్యలో ఒక వింత క్యాచ్ బ్లాకు. నా దగ్గరున్న పాత డీకంపైలరు అదే చేసింది. పైగా ఆ క్యాచ్ దగ్గర కంపైల్ ఎర్రరు. రాత్రి పదకొండింటికి నేను చూసి ఏమనుకున్నాను? ఒకే పని రెండుసార్లు ఉంది, ఇది డీకంపైలరు చెత్త అనుకున్నాను. క్యాచ్ బ్లాకుని మొత్తం తీసేశాను. కోడు శుభ్రంగా కనిపించింది, కంపైల్ అయింది. ఎక్సెప్షను వస్తే కనెక్షను మూసే దారిని నేనే చెరిపేశాను.

మామూలు రోజుల్లో ఏమీ కాదు. నెలాఖరున బిల్లులు వేలల్లో పడేటప్పుడు కొన్ని తప్పుతాయి, తప్పినప్పుడల్లా ఒక కనెక్షను తెరిచే ఉండిపోతుంది. పూలు నిండిపోయి సర్వరు నిలబడిపోతుంది. రీస్టార్ట్ చేస్తే మళ్ళీ నెలాఖరు దాకా హాయి.

ఇది జరిగేనాటికి నేను వేరే టీముకి మారిపోయాను. సపోర్టులో ఒక అమ్మాయి ఉండేది, ఉద్యోగంలో చేరి ఏడాదే అయింది. మూడు నెలాఖరులు రాత్రంతా కూర్చుంది. ఒకరోజు నాకు చాట్‌లో రాసింది: "అన్నా, ప్యాచ్ జార్‌లో ఒక క్లాసు ఉంది, దీని సోర్సు ఎక్కడుంది?"

"అది వెండరుది, మన దగ్గర ఉండదు" అన్నాను.

అబద్ధం కాదు. నిజమూ కాదు. కారణం నా కోడులోనే ఉందని అప్పుడు నాకు తెలియదు, ఒట్టు. కానీ సోర్సు నా ఫోల్డరులో ఉందని తెలుసు కదా. చివరికి రాత్రిపూట సర్వరు దానంతట అది రీస్టార్ట్ అయ్యేటట్టు ఒక స్క్రిప్టు పెట్టి గట్టెక్కించారు. ఆ ఏడాది అప్రైజలులో ఆ అమ్మాయికి మూలకారణం కనిపెట్టే సామర్థ్యం తక్కువ అని రాశారని తరువాత క్యాంటీన్‌లో విన్నాను. అయ్యో అనుకుని ఇడ్లీ తిన్నాను.

ఫారం నింపాను, ఉన్నదున్నట్టు. ఆ ప్రాడక్టుని మా కంపెనీ 2019లోనే ఆపేసింది కాబట్టి లీగల్ వాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. నాకు రెండు వారాలు నిద్రలేదు, చివరికి ఒక వార్నింగ్ లెటరుతో సరిపెట్టారు. నడుస్తున్న ప్రాడక్టు అయితే ఉద్యోగం ఉండేది కాదని నాకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు.

డీకంపైలరు మానేశానా అంటే మానలేదు. నా డబ్బుతో ఒక పాత లాప్‌టాప్ కొన్నాను, అందులో వర్చువల్ మెషిను, దానికి నెట్ కనెక్షను లేదు, షేర్డ్ ఫోల్డరు లేదు, పని అయ్యాక పాత స్నాప్‌షాట్‌కి తిప్పేస్తాను. టూలు ప్రతిసారీ అసలు చోటు నుంచి కొత్తగా దించుతాను. ఆఫీసు లైబ్రరీ విప్పాలంటే ముందు లైసెన్సు చదువుతాను, అడగాల్సినవాళ్ళని మెయిల్లో అడుగుతాను. సగంసార్లు వద్దంటారు. మా టీములో కుర్రాళ్ళు విప్పిన కోడుని తీసుకెళ్ళి ఏఐకి అతికించి, కాస్త వేరియబుల్ పేర్లు బాగుచేసి పెట్టమంటున్నారు. పేర్లు భలే అందంగా వస్తాయి. ఆ కోడు ఎవరిదో, ఎవరి సర్వరుకి పంపుతున్నారో, ఆ అందమైన పేర్లలో ఎన్ని నిజమో ఒక్కసారి అడిగితే నన్ను పాతకాలం మనిషిలా చూస్తున్నారు. :)

బాబాయి తరువాత ఫోను చేసి, హెడ్మాస్టరు గారి అమ్మాయికి పెళ్ళయి పదేళ్ళయిందని, ఆ సంగతి తనకి ముందే తట్టాల్సిందని నొచ్చుకున్నారు.

ఆ సపోర్టు అమ్మాయి ఇప్పుడు వేరే దేశంలో వేరే కంపెనీలో ఆర్కిటెక్టు. లింక్డిన్‌లో వెతికి పట్టుకుని జరిగిందంతా రాశాను. ఫైనల్లీ బ్లాకు గురించి, చాట్‌లో నేనిచ్చిన జవాబు గురించి. నాలుగు రోజుల తరువాత జవాబు వచ్చింది.

"తెలుసన్నా. స్టాక్ ట్రేసులో వెండరు క్లాసులన్నిటికీ అన్‌నోన్ సోర్స్ అని వచ్చేది. ఆ ఒక్క క్లాసుకి మాత్రం లైను నంబరు వచ్చేది. మనవాళ్ళే ఎవరో కంపైల్ చేశారని అప్పుడే అర్థమైంది. మీరు మనది కాదన్నారు కదా, అని ఊరుకున్నాను."